రబ్బీ అంకుల్ ప్రార్థనకి అమ్మ చెప్పులు విడిచిన రోజు

మా చిన్నప్పుడు... టౌన్ హాల్లో మీటింగ్ మొదలవ్వాలంటే ముందు ప్రార్థన జరగాలి. న్యూజెర్సీలో మాది చిన్న టౌన్. ఒకసారి చర్చి ఫాదర్, ఒకసారి పాస్టర్, ఒకసారి యూదుల గుడి నుంచి రబ్బీ... వంతులవారీగా వచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయేవాళ్లు. జనం లేచి నిలబడేవాళ్లు, సగం మంది వాచీలు చూసుకుంటూ.

ఆ సాయంత్రం అమ్మ నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. పట్టుచీర, జడలో చామంతులు... పార్కులో చెరువు పక్కన బతుకమ్మ ఆడుకోవడానికి పర్మిషన్ అడగాలి. అంతకుముందు అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, కార్లు తప్పించుకుంటూ ఆడేవాళ్లు. తెలిసిన ఆడవాళ్లందరికీ ఈసారి చెరువు దగ్గరే అని అమ్మ ముందే మాటిచ్చేసింది. టౌన్ వాళ్లు కాదంటే వాళ్లకి మొహం ఎలా చూపించాలని ఒకటే గుబులు.

ఆ రోజు వంతు రబ్బీది. తెల్ల గడ్డం, నల్ల టోపీ, కొంచెం వంగిన నడుం. ఆయన ప్రార్థన చేద్దామనగానే అందరూ లేచారు. అమ్మ లేస్తూనే చెప్పులు విడిచి కుర్చీ కిందికి తోసేసింది.

"షూస్ ఇడువు బిడ్డా... దేవుని మాట చెప్తున్నరు" అంది నా చెవిలో.

నేను కింద కూర్చుని లేసులు విప్పుతుంటే ముందు వరసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ మాత్రం ఆ అర్థం కాని హీబ్రూకి కళ్లు మూసుకుని, చేతులు జోడించి నిలబడింది.

తర్వాత అమ్మ పేరు పిలిచారు. కాలితో తడిమితే ఒక చెప్పే తగిలింది. రెండోది ఎవరి కాలు తగిలి ఎటు పోయిందో... ఒంటి చెప్పుతో వెళ్లేకంటే నయమని, వట్టి కాళ్లతోనే మైక్ దగ్గరికి నడిచింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పూలు వేస్తే చెరువు పాడవుతుందని ఒక కౌన్సిల్ మెంబర్ అన్నాడు. ఎవరైనా కాలుజారి పడితే బాధ్యత ఎవరిదని ఇంకొకాయన అడిగాడు. అమ్మ ఇంగ్లిష్ తడబడింది. నాకు ఏడుపొచ్చింది.

ప్రార్థన అవగానే వెళ్లిపోవాల్సిన రబ్బీ ఆ రోజెందుకో వెళ్లలేదు. మాట్లాడొచ్చా అని అడిగి లేచారు.

"ఈ హాల్లో ఏళ్ల తరబడి ప్రార్థన చేస్తున్నాను. దేవుడు నిజంగానే ఇక్కడికి వచ్చాడన్నట్టు చెప్పులు విడిచిన మనిషిని ఇవాళే చూశాను. ఆమె పండుగకి చోటివ్వలేకపోతే, ఇకమీదట నన్నూ పిలవకండి" అన్నారు.

పూలు చెరువులో కాకుండా నీళ్ల తొట్లలో వేస్తామని అమ్మ ఒప్పుకుంది. మెంబర్లు సరేనని ఓటుకి చేతులెత్తారు. అమ్మ రెండో చెప్పుని రబ్బీ అంకులే కుర్చీల కింద నుంచి గొడుగుతో లాగి ఇచ్చారు.

బతుకమ్మకి ఆయన వచ్చారు. సత్తుపిండి పెడితే, బయటి వంట తినకూడదని ఎంతో మొహమాటంగా చెప్పారు. మేం చిన్నబుచ్చుకున్నాం కానీ అమ్మ నవ్వేసింది.

"మా అమ్మమ్మ మడి లెక్కనే ఉన్నది" అని ఆయన చేతిలో అరటిపళ్లు పెట్టింది.

ఆ రోజుల్లోనే వాళ్లకీ ఒక పండుగ. గుడి వెనక ఆకులు కప్పిన పందిరి వేసుకుని, అందులో కూర్చుని భోజనాలు చేస్తారు. పందిరి అనగానే అమ్మ ఊరుకుంటుందా... అప్పటినుంచి ఏటా మా ఇంటి బంతిపూల దండలు అక్కడికి వెళ్లాల్సిందే. గేటు ఎప్పుడూ బార్లా తెరిచే ఉండేది. మేం పిల్లలం పరిగెత్తుకుంటూ లోపలికి దూరేవాళ్లం.

రబ్బీ అంకుల్ పోయి చాలా ఏళ్లయింది. అమ్మ దండలు మానలేదు. మొన్న దసరాకి నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. గేటు మూసి ఉంది. పక్కన పోలీసు కారు. గార్డు అమ్మ సంచీ తెరిచి, బంతిపూల కిందికంటా చెయ్యి పెట్టి వెతికాడు. పాపం, అతని తప్పేముంది, యూదుల గుళ్ల మీద దాడులు జరుగుతున్న రోజులు. అమ్మ నలిగిన పూలు సర్దుకుని లోపలికి నడిచింది.

పందిట్లో కుర్ర రబ్బీ ప్రార్థన మొదలుపెట్టారు. అమ్మకిప్పుడు నడుం వంగదు. బకిల్ పెట్టుకునే చెప్పులు... నా వైపు చూసింది. నేనే కింద కూర్చుని ఆమె చెప్పులు విప్పి, తర్వాత నా లేసులు విప్పుకున్నాను. ఈసారి ఎవరు చూస్తున్నారో తలెత్తి చూడలేదు.

మీ చిన్నప్పుడు కూడా ఇలా బార్లా తెరిచి ఉన్న పరాయి గుడి ఏదైనా ఉండేదా... ఉంటే రాయండి. మా పిల్లలు ఆ గేటుని మూసి ఉండగానే చూశారు.