నాలుగు గళ్ళ కొర్రమీను

మా ప్రోగ్రామర్ల గ్రూపులో శనివారం కోడ్ ఊసెత్తకూడదు. ఆ రోజు ఎవరికి తోచిన కబురు వాళ్ళు రాస్తారు. ఒకాయన డాబా మీద కుండీల్లో కాసిన బెండకాయల ఫోటో పెడతాడు. ఒకమ్మాయి వేణువు నేర్చుకుంటూ తన తప్పుల్ని కూడా రికార్డు చేసి వినిపిస్తుంది. ఇంకొకాయన సైకిలు మీద ఎక్కడిదాకా వెళ్ళాడో, దారిలో ఏ హోటల్లో ఏ చట్నీ బావుందో వర్ణిస్తాడు. తెలుగు వచ్చిన ప్రోగ్రామర్లు ఎక్కడున్నా చేరవచ్చని ఎవరో మొదలుపెట్టిన గ్రూపది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నది తక్కువ.

నేను ఏలూరులో ఇంట్లో కూర్చునే ఒక కంపెనీకి పనిచేస్తాను. మా ఆయన ఇక్కడే కాలేజీలో పాఠాలు చెబుతారు. ఆయన స్కూటరు వీధి మలుపు తిరిగాక సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, కంప్యూటరూ, మధ్యలో పాలవాళ్ళ కేకలూ. చాలాకాలం నేను శనివారం కబుర్లు చదివేదాన్నే గానీ రాసేదాన్ని కాదు. బెండకాయలు కాయించడం రాదు, వేణువు అసలే రాదు. నాకున్న సరదా ఒక్కటే. గళ్ళ నుడికట్టు తయారుచేయడం. అడ్డం, నిలువు ఆధారాలిచ్చి గళ్ళలో మాటలు పూరించమంటారే, అది. చిన్నప్పుడు వారపత్రికలో వచ్చేవాటిని పూరించేదాన్ని. పెద్దయ్యాక పూరించడం కన్నా కూర్చడంలో ఎక్కువ రుచి ఉందని తెలిసింది. చేత్తో గీస్తూ చెరుపుతూ విసిగి, మాటలిస్తే గళ్ళలో సర్దిపెట్టేలా ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను.

ఒక శనివారం ధైర్యం చేసి, అలా సర్దిన నుడికట్టు ఒకటి గ్రూపులో పెట్టాను. వంటింట్లోకి వెళ్ళి పప్పు పొయ్యి మీద పెట్టి వచ్చేసరికి ఒక కామెంటు ఉంది.

"ఏమీ అనుకోకండి. మూడు నిలువులో కొల్లేటి చేప అన్నారు, ఐదు గళ్ళు ఇచ్చారు. జవాబు కొర్రమీను అయితే దానికి నాలుగే కదండీ కావాలి?"

వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. కొ, ర్ర, మీ, ను. నాలుగే. నా ప్రోగ్రామ్ మాత్రం ర్ర అన్న ఒక్క అక్షరాన్ని రెండు ముక్కలు చేసి రెండు గళ్ళలో కూర్చోబెట్టింది. బడిలో ఒకటో తరగతి పిల్లలు చేయని తప్పు. పదిహేనేళ్ళుగా ప్రోగ్రామర్నని చెప్పుకుంటున్న నాకు చెవులు వేడెక్కాయి. వత్తులున్న ప్రతిచోటా అదే తప్పు జరిగింది. చూసినవాళ్ళు మర్యాదకు ఊరుకున్నారేమో కూడా.

ఆ కామెంటు రాసిన వ్యక్తి గ్రూపులో అందరికీ తెలుసు. పేరు బదులు ఒక చేప బొమ్మ. ఎవరు ఏ ఎర్రరు తెచ్చిపెట్టినా రెండు వాక్యాల్లో పరిష్కారం చెప్పి వెళ్ళిపోతారు. ఎవరో కుర్రాడని అందరి నమ్మకం. "థాంక్స్ బ్రో" అనీ, "అన్నా, నువ్వు కేక" అనీ కింద రాస్తుంటారు. ఆ మనిషి ఎన్నడూ కాదనలేదు.

వత్తులు లెక్కపెట్టే పద్ధతి గురించి నేను విడిగా మెసేజీ పెట్టాను. జవాబు వివరంగా వచ్చింది. చివర్లో ఇలా ఉంది: "మీరు ఏలూరు అని చూశాను. నేను తాడేపల్లిగూడెంలో ఉంటాను. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యానండి. ఎప్పుడైనా వస్తే కాఫీ తాగి వెళ్ళండి. బ్రో కాదు, అన్న కూడా కాదు. ఆడమనిషిని."

ఆ వారంలోనే పాసింజరెక్కాను. భీమడోలు దాటాక కిటికీ అవతల ఊడ్పులు జరుగుతున్నాయి. స్టేషన్లో దిగి ఉల్లిపాయల లారీల మధ్యనుంచి ఆటోలో వాళ్ళ వీధికి చేరాను. గేటు దగ్గరే నిలబడి ఉన్నారావిడ. అరవై దాటిన మనిషి, తెల్ల నేత చీర, చేతికి మగవాళ్ళ వాచీ.

"రండమ్మా, రండి. రైల్లో సీటు దొరికిందా?"

"దొరికిందండీ టీచరుగారూ. మిమ్మల్ని ఇన్నాళ్ళూ అన్నా అన్నాం."

"ఏమైందమ్మా, ముప్పై ఐదేళ్ళు పిల్లలు నాకు ఎన్ని పేర్లు పెట్టారో! వాటి ముందు అన్న ఎంతో నయం."

ఆవిడది కొల్లేటి లంక గ్రామంలో పుట్టిన క్రైస్తవ కుటుంబం. మిషను బడిలో చదివి, టీచరై, ఉద్యోగమంతా గూడెం చుట్టుపక్కలే చేశారు. రిటైరయ్యాక మనవరాలికి కంప్యూటరు పాఠం చెప్పించబోయి తానే నేర్చుకున్నారు. "దానికి రెండు నెలల్లో విసుగొచ్చింది. నాకింకా రాలేదు," అన్నారు. హాల్లో పెద్ద బల్ల, దాని మీద లాప్‌టాప్, పక్కనే తీసిపెట్టుకున్న బైబిలు, గళ్ళ కాగితాల దొంతర. నేను వెళ్ళేసరికే వత్తుల లెక్క సరిచేసే భాగం పెన్సిలుతో రాసిపెట్టుకున్నారు. ఇద్దరం కూర్చుని దాన్ని ప్రోగ్రాములో ఎక్కించాం. కొర్రమీను నాలుగు గళ్ళలో కుదురుకున్నప్పుడు ఆవిడ బల్ల మీద చిన్నగా చప్పట్లు కొట్టారు.

అప్పట్నుంచి ప్రతి శనివారం గ్రూపులో మా నుడికట్టు వచ్చేది. మాటలు ఎక్కువగా ఆవిడవి, ఆధారాలు నావి. కొల్లేటి మాటలు ఆవిడ దగ్గర గంపల కొద్దీ ఉండేవి. చేపలు, పిట్టలు, నాచు, పడవలు. సైకిలాయన వారంవారం అందరికన్నా ముందు పూరించి పంపేవాడు. వేణువమ్మాయి ఆధారాలు అర్థంకాక నాకు విడిగా మెసేజీలు పెట్టేది. శనివారం కోసం ఎదురుచూసే అలవాటు నాకు స్కూలు రోజుల తర్వాత మళ్ళీ అప్పుడే వచ్చింది.

ఇలా నడుస్తుండగా ఒక వారం మట్టగిడస అనే మాట పెట్టాం. బురద నీళ్ళలో బతికే చిన్న చేప అది. గ్రూపులో ఒకాయన గట్టిగా అభ్యంతరం చెప్పాడు. తన దగ్గరున్న నిఘంటువులో ఆ మాట లేదన్నాడు. "నాలుగు ఊళ్ళలో అనుకునే మాటలు పెడితే మిగతావాళ్ళం ఎలా పూరించాలి? ఇష్టమొచ్చిన మాటలు కల్పించుకుంటే ఇదేం ఆట?" అని రాశాడు. ఇద్దరు ముగ్గురు ఆయన్ని సమర్థించారు. నాకు తగువంటే భయం. జవాబు చెప్పకుండా ఆ మాట తీసేసి, దాని చోట ఇంకో మాట సర్ది, కొత్త గళ్ళు పెట్టేశాను. అందరూ శాంతించారు. నేను కూడా మంచిపని చేశాననే అనుకున్నాను.

టీచరుగారు మాత్రం ఆ రోజు నుంచి గ్రూపులో కనిపించలేదు. ఒక వారం, రెండు వారాలు. చేప బొమ్మ ఎక్కడా లేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఆవిడ మాటను ఆవిడ్ని అడక్కుండా తీసేశానని అప్పుడు తట్టింది నాకు. అన్నం తింటూ మా ఆయనతో చెప్పాను.

"ఏవండీ, ఆవిడ నొచ్చుకున్నట్టున్నారు."

"మరి ఇక్కడ కూర్చుని అనుకుంటే ఏం లాభం? రేపు వెళ్ళిరా."

వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల ఆవిడ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని పడక కుర్చీలో కూర్చుని ఉన్నారు. పక్కన రేడియో.

"ఎవరూ?"

"నేనండీ టీచరుగారూ, ఏలూరు నుంచి."

"నువ్వా తల్లీ! రా, కూర్చో. కంటికి శుక్లం తీశారు. చూపు బాగానే వస్తుందన్నారు గానీ స్క్రీను చూడొద్దన్నారు. ఫోన్ అయితే మా కోడలు బీరువాలో పెట్టి తాళం వేసింది, నా సంగతి తెలుసు కదా దానికి."

నాకు నవ్వు వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. అలిగారనుకున్నానని చెప్పేశాను. మట్టగిడస తీసేసిన సంగతీ చెప్పాను. ఆపరేషన్ హడావుడిలో ఆవిడ ఆ వారం కామెంట్లేవీ చూడనే లేదట. చేతికున్న వాచీని తిప్పుకుంటూ కూర్చున్నారు.

"అలగలేదు గానీ, ఎందుకు తీశావమ్మా? మా అమ్మ ఆ చేప పులుసు పెట్టి మమ్మల్ని ఆరుగుర్ని పెంచింది. నిఘంటువు రాసినాయన మా లంకకు వచ్చి ఉండడు. అది ఆయన తప్పు కాదు. చేప తప్పూ కాదు."

ఆవిడ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "తప్పయిందండీ," అన్నాను.

"తప్పని కాదు. నీకు గొడవంటే పడదు, నాకు తెలుసులే. సరే, ఏం రాశారో అన్నీ చదువు, వింటాను."

నా ఫోన్లోంచి ఒక్కొక్కటీ చదివాను. ఆవిడ తలూపుతూ విన్నారు. తర్వాత తాను చెబుతుంటే నన్ను రాయమన్నారు. గొడవకు జవాబేమీ లేదు అందులో. ఆ చేప ఎలా ఉంటుందో, చేత్తో పడితే ఎలా జారిపోతుందో, ఎండాకాలం నీళ్ళు తగ్గితే బురదలో వెతికి ఎలా పట్టేవాళ్ళో, పన్నెండు వాక్యాలు. చివర్లో, "మీ ఇంట్లో వాడే మాట, పుస్తకంలో దొరకనిది, ఒకటి చెప్పండి. వచ్చే వారం గళ్ళలో పెడతాం," అని రాయించారు. కింద నా మాటగా నేనొకటి చేర్చాను: పోయినసారి ఆ మాట తీసేయడం నా పొరపాటని, మళ్ళీ పెడుతున్నానని. పంపించే ముందు ఆవిడకు మరోసారి చదివి వినిపించాను.

మర్నాడు పొద్దుటికి ఆ పోస్టు కింద చదవలేనన్ని మాటలున్నాయి. దోసె అంచున కరకరలాడే భాగానికి ఒకరింట్లో ఒక పేరుంది. పొలానికి నీళ్ళు మళ్ళించే మట్టికట్టకు ఇంకొకరి ఊళ్ళో వేరే పేరు. వేణువమ్మాయి వాళ్ళ తాతగారు కునుకు తీస్తూనే నిద్రపోలేదని బుకాయించే నిద్రకు ఒక మాట వాడేవారట. అభ్యంతరం చెప్పినాయన మధ్యాహ్నానికి వాళ్ళ నాయనమ్మ పెరుగు కుండ అడుగున మిగిలేదాన్ని పిలిచే మాట ఒకటి రాసి, "ఇది కూడా నా నిఘంటువులో లేదండీ, ఇప్పుడే చూశాను," అని ఒప్పుకున్నాడు. కోడలికి ఫోన్ చేసి ఆ వాక్యం టీచరుగారికి చెప్పించాను. అవతల ఆవిడ నవ్వు స్పష్టంగా వినిపించింది.

డాక్టరు ఇక ఫర్వాలేదన్నాక, చలికాలంలో, "మా తమ్ముడింటికి వెళ్దాం, వస్తావా?" అన్నారు. ఆవిడ గూడెం నుంచి ఏలూరు వచ్చారు. ఇద్దరం కైకలూరు బస్సెక్కి, దిగి, ఆటోలో లంకకు వెళ్ళాం. దారి పొడవునా చేపల చెరువులే. వాళ్ళ తమ్ముడు మమ్మల్ని దోనెలో ఎక్కించుకుని వెదురు గెడతో తోస్తూ, నీళ్ళ మీద పరుచుకున్న గుర్రపుడెక్క మధ్యనుంచి లోపలికి తీసుకెళ్ళాడు. నీళ్ళు తెరిపిగా ఉన్నచోట ముక్కు కింద సంచి ఉన్న గూడబాతులు గుంపుగా ఉన్నాయి. టీచరుగారు కొత్త కంటిని ఒకదాన్నే తెరిచి చూస్తూ, రెండోది మూసుకుని, మళ్ళీ మార్చి చూస్తూ కూర్చున్నారు.

"ఏంటండీ చూస్తున్నారు?"

"దీంతో తెల్లగా ఉన్నాయి, దీంతో పచ్చగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ వీటికే రంగు మాసిందనుకున్నాను."

వాళ్ళ తమ్ముడు గెడ ఆపి పెద్దగా నవ్వాడు. పిట్టలు కొన్ని లేచి కొంచెం దూరంగా వాలాయి.

తిరిగొచ్చేసరికి ఆవిడ మరదలు అన్నం వండి ఎదురుచూస్తోంది. చేపల పులుసులో చింతపండు దండిగా పడింది. నేను అడక్కుండానే రెండోసారి వడ్డించింది. "వదినగారండీ, మీరిద్దరూ ఆ కంప్యూటర్లో చేసేది ఉద్యోగమేనా?" అని అడిగింది.

"కాదమ్మాయ్, ఆడుకుంటాం."

"ఈ వయసులోనా?"

"నీకూ నేర్పుతాను, రా. ముందు నీకు తెలిసిన చేపల పేర్లన్నీ చెప్పు."

మరదలు గరిటె పక్కన పెట్టి, మా ఎదురుగా పీట వాల్చుకుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. టీచరుగారు ఎంగిలిచెయ్యి కంచంలోనే ఉంచి ఎడంచేత్తో రాసుకోవడం మొదలుపెట్టారు. నేను మూడోసారి పులుసు వేసుకున్నాను.