రత్నకుమారి సౌండ్స్

దివిసీమలో నా పేరు తెలియని పెళ్లిపందిరి ఒకప్పుడు లేదు. నేను గొప్పదాన్నని కాదు. మా ఆయన అంకమ్మరావు పెళ్లయిన ఏడాదే మైకుసెట్టు కొని, ప్రతి హారన్ మీదా ఎర్ర రంగుతో 'రత్నకుమారి సౌండ్స్, అవనిగడ్డ' అని రాయించారు. కొబ్బరిచెట్టుకు కట్టిన హారన్ మీద నా పేరు అందరికీ కనిపిస్తుంటే సిగ్గుతో చచ్చేదాన్ని. పైగా ఆ మోతకు నా చెవులు చిల్లులు పడేవి. మీ పేరే రాసుకుని మోగించుకోవచ్చు కదా అని దెప్పేదాన్ని.

అయితే ఆయన చెవిని మాత్రం ఎవరైనా మెచ్చుకోవలసిందే. నాలుగు హారన్లు నాలుగు వైపులా మోగుతుంటే రోడ్డు మీద సైకిలు ఆపి, తూర్పు వైపు దానిలో పొర చిరిగిందనేవారు. దించి చూస్తే గోరంత చిరుగు ఉండేది. నాకైతే నాలుగూ ఒకటే గోల.

తర్వాత డీజేలు వచ్చాయి. మైకుసెట్టును పిలిచేవాళ్లు తగ్గిపోయారు. సామానంతా అమ్మేసి ఒక ఆంప్లిఫయరు, ఒక హారన్, ఒక పెద్ద స్పీకరు బాక్సు ఉంచుకున్నారు. ఇవి మాత్రం దేనికండీ అంటే, "నీ పేరుంది కదా దాని మీద" అన్నారు. ఇంటి ముందు రేకుల షెడ్డు వేసుకుని బళ్ల వైరింగు పనిలో దిగారు. ఆటోలు, ట్రాక్టర్లు, ఆ తర్వాత పాత కార్లు.

కార్లతోపాటే ఏబీఎస్ అనేది మా ఇంటికి వచ్చింది. గట్టిగా బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుపోయి బండి జారుతుంది. అలా బిగుసుకున్న చక్రాన్ని క్షణం వదిలి మళ్లీ పట్టే ఏర్పాటు అది. చక్రం తిరుగుతోందో ఆగిందో దానికి తెలియాలి కాబట్టి, ప్రతి చక్రం లోపలా పళ్లున్న ఇనుప రింగు ఒకటి, దాన్ని ఆనీ ఆనకుండా చిటికెన వేలంత సెన్సార్ ఒకటి ఉంటాయి. ఒక్కో పన్ను ముందు నుంచి వెళ్తుంటే సెన్సార్ కబురు పంపుతూ ఉంటుంది.

ఒకనాడు ఒక పాత కారు సెన్సార్‌ను పరీక్షించబోతే, కరెంటు కొలిచే మీటరు మొరాయించింది. ఆయన సెన్సార్‌ను అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తీరా చూస్తే అందులో ఉన్నవి ఒక అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగితీగ.

"రత్నం, మైకులో ఉండేదీ ఇదే. ఇదీ మైకే. మనిషి మాట బదులు ఇనప పళ్లని వింటది, అంతే" అన్నారు.

దాన్ని మళ్లీ చక్రం దగ్గర బిగించి, రెండు తీగలూ తెచ్చి ఆంప్లిఫయరుకు తగిలించారు. జాకీ మీద ఉన్న చక్రాన్ని తిప్పమని నాకు చెప్పారు. తిప్పాను. షెడ్డు పైన ఉన్న హారన్ ఒక్కసారిగా 'గర్ర్ర్' మని పాట ఎత్తుకుంది. వేగంగా తిప్పితే స్వరం పైకి లేచింది, వదిలేస్తే మెల్లగా దిగి, గొంతు సన్నగిల్లి, ఆగిపోయింది. కారులో బ్యాటరీ కూడా లేదు. ఆంప్లిఫయరుకు ఇంటి కరెంటు ఉంది, నిజమే. కానీ ఆ ధ్వని పుట్టింది మాత్రం నా చేతి ఊపులోంచి. అంట్లు తోమే ఈ చేతిలోంచి! ఇన్నేళ్లూ విసుక్కున్న హారన్ ముందు నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఇంకోసారి తిప్పుతానండీ అని అడిగి మరీ తిప్పాను.

అప్పటినుంచి పాత కారు ఏది వచ్చినా చక్రం తిప్పేది నేను, వినేది ఆయన. సెన్సార్ బలహీనపడితే పాట నీరసంగా వచ్చేది. కొసకు ఇనుప రజను పట్టి ఉంటే బొంగురుపోయేది. తుడిచి పెడితే మళ్లీ గొంతు విప్పేది. కొత్త కార్ల సెన్సార్లు వేరే రకమట, వాటికి ఈ పద్ధతి కుదరదు. అందుకని మా ఇంట్లో కార్లు రెండే రకాలు, పాడేవి, పాడనివి. గుడివాడ నుంచి కూడా పాడే కార్లు మా షెడ్డు వెతుక్కుంటూ వచ్చేవి.

ఇలా ఉండగా మా ఆయనకు చెవులు పోవడం మొదలైంది. ముప్పయ్యేళ్లు హారన్ల కింద నిలబడ్డ మనిషికి అది రాక ఏం చేస్తుంది. ఆయన నాతో చెప్పలేదు, నేను ఆయనతో అనలేదు. కుక్కరు కూతలు వినబడటం మానేశాయి. నేనేం అడిగినా నా ముఖం చూసి 'అలాగే' అనేవారు. 'చెవిటివాని ముందు శంఖమూదినట్టు' అన్న సామెతను నేను మా ఇంట్లో వాడటం మానేశాను. భయం నాకు ఒక్కటే. ఆయన బతికిందే చెవి మీద. ఏదో ఒకరోజు ఎవరి ముందో తప్పు చెప్తారు, ఆ తర్వాత ఆ షెడ్డులో తలెత్తుకుని కూర్చోలేరు.

ఆ రోజు గాయత్రి రూపంలో వచ్చింది. మంగినపూడి దగ్గర సముద్రం మీద బతికే పల్లె ఆ పిల్లది. వాళ్ల నాన్న పడవ అమ్మిన డబ్బుతో పాత కారు కొని, బందరు నుంచి దివిసీమ బడులకు టీచర్లను తిప్పుతుంది. ఆ కారుకు విచిత్రమైన జబ్బు. వేగంలో బాగానే పట్టిన బ్రేకు, ఇక ఆగుతుందనగా పెడలు కాలికింద గరగరమని బండిని వదిలేస్తోంది. గుడివాడలో సెన్సార్లు మార్చారు. కంప్యూటరు పెట్టి చూస్తే తప్పేం లేదంటుంది. ఆ ఉదయం చల్లపల్లి దాటాక మలుపులో కారు ఆగాల్సిన చోట ఆగకుండా కాలవ అంచుదాకా జారింది. లోపల నలుగురు టీచర్లున్నారు.

"ఇంకొక్కసారి ఇలా అయితే అమ్మేస్తాను బాబాయ్. నా ఒక్కదాని ప్రాణం అయితే నడిపేదాన్ని" అంది.

కారును జాకీ ఎక్కించారు. నేను ఒక్కొక్క చక్రమే తిప్పుతూ వెళ్లాను. వెనక రెండూ చక్కగా పాడాయి. ముందు కుడివైపుదీ అంతే. ముందు ఎడమ చక్రం తిప్పగానే తేడా వచ్చింది. పాట సాగుతూ సాగుతూ చుట్టుకొకసారి తడబడుతోంది. గర్ర్ర్, టిక్, గర్ర్ర్, టిక్. ఏ శబ్దాన్నీ పట్టించుకోని నా చెవికే అది స్పష్టంగా తెలుస్తోంది. తలెత్తి ఆయన వైపు చూశాను. ఆయన ఎప్పటిలాగే తల పక్కకు వంచి శ్రద్ధగా విని, "నాలుగూ బాగానే పాడుతున్నాయమ్మా. చక్రాల్లో ఏం లేదు" అన్నారు.

గాయత్రి ముఖం వాడిపోయింది. తాళాలు చేతిలోకి తీసుకుంది. నేను నోరు విప్పితే ఆయన పరువు పోతుంది, విప్పకపోతే ఆ పిల్ల కాలవలో పోతుంది. ఏం చేయాలో తోచక, నాకు బాగా చేతనైన పనే చేశాను. గయ్యిమన్నాను. ఆ హారన్ గోలకు నా తల పగిలిపోతోంది, అది పీకేసి ఆ బాక్సన్నా పెట్టండి అని దాని వైపు చేయి చూపించాను. ఆయన అలాగే అన్నారు. బాక్సును వెల్లకిలా పడుకోబెట్టి తీగలు మార్చారు. చక్రం ఈసారి గాయత్రిని తిప్పమన్నాను. ఆయన పక్కన కూర్చుని, ఆయన కుడిచెయ్యి పట్టుకుని, బాక్సులో అదురుతున్న అట్ట మీద ఆనించాను.

ఆయన నా వైపు చూడలేదు. కళ్లు మూసుకున్నారు. మెల్లగా తిప్పమని ఎడమచేత్తో సైగ చేశారు, ఇంకా మెల్లగా అన్నారు. నాడి చూసే వైద్యుడిలా ఆ అదురును వేళ్లతో పట్టి చూశారు. తర్వాత కళ్లు తెరిచి అడిగారు.

"రత్నం, కాసిని బియ్యం పట్రా."

నేను చేటలో తెచ్చిన బియ్యంలోంచి గుప్పెడు తీసి ఆ అట్ట మీద చల్లారు. గాయత్రి చక్రం తిప్పింది. గింజలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడి ఆడటం మొదలుపెట్టాయి. చుట్టుకొకసారి, రెప్పపాటు, అన్నీ ఒక్కటై కింద పడ్డాయి. మళ్లీ లేచాయి. మళ్లీ పడ్డాయి. కారు కింద ఎక్కడో, కంటికి కనబడని ఇనుములో ఉన్న లోటు మా ఇంటి బియ్యం మీద కనబడుతోంది. గాయత్రి చక్రం వదిలేసి వచ్చి బాక్సు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. గుళ్లో కూడా నేనంత నిశ్శబ్దంగా ఎప్పుడూ కూర్చోలేదు.

యాక్సిల్ విప్పితే అదే. పళ్ల రింగు ఒకచోట వెంట్రుకవాసి చీలింది. సముద్రపు ఉప్పుగాలికి కింద తుప్పు పట్టి, ఆ తుప్పు ఉబ్బి రింగును పగలదీసింది. చీలిక దగ్గర రెండు పళ్ల మధ్య ఎడం పెరిగింది. నెమ్మదిగా ఆగేటప్పుడు ఆ ఎడం రాగానే చక్రం బిగుసుకుందని ఏబీఎస్ భ్రమపడి బ్రేకు వదిలేస్తోంది. సెన్సార్లు ఎన్ని మార్చితే ఏం లాభం, అవి విన్నది విన్నట్టే చెప్తున్నాయి.

మర్నాడు గాయత్రి వేరే రింగు సంపాదించి తెచ్చింది. ఆయన తుప్పంతా గీకి, రింగును నా గ్యాసు పొయ్యి మీద కాల్చి, ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా ఎక్కించినట్టు పట్టకారుతో దించారు. చల్లారేసరికి అది యాక్సిల్‌ను కరుచుకుంది. బిగించి తిప్పితే బియ్యం ఒక్కసారి కూడా తడబడకుండా ఆడాయి. గాయత్రి కారును రోడ్డు చివరిదాకా తోలి, వెనక్కి వచ్చి మా గుమ్మం ముందు ఆపింది. చిన్న కుదుపు కూడా లేకుండా ఆగింది. స్టీరింగు మీద తల ఆనించింది.

ఆ పిల్ల వెళ్లాక ఆయన అట్ట మీది బియ్యం ఒక్కొక్క గింజే ఏరి చేటలో వేస్తూ, తల ఎత్తకుండా అడిగారు.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

నేను దగ్గరగా జరిగి, ఆయన చెవి పక్కన గట్టిగా చెప్పాను.

"మీరు నా మాటకి ఎదురు చెప్పటం మానేసిన కాణ్ణించీ. రెండేళ్లయింది."

ఆయన ఏరడం ఆపి నా ముఖంలోకి చూశారు.

"రెండు కాదు, మూడు" అన్నారు.

అంతకాలం తర్వాత మా ఆయన నా మాట కాదన్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. చేట మా ఇద్దరి మధ్యకు జరిపి, ఆయనతో కలిసి గింజలు ఏరాను.