ఎవరూ కొట్టని దెబ్బ

నా కుడి చంక కింద మొదలై వీపు దాకా పోయే మచ్చ ఒకటి ఉంది. మొన్న మా మల్కాజ్‌గిరి కాలనీ కుర్రవాళ్లు ఇంటికొచ్చారు. "తాతా, రజాకార్లు నిన్ను కత్తితోని పొడిచిండ్రట గద, స్టేజీ మీద శాలువ కప్పుతం" అన్నారు. కోపం వచ్చింది. కోప్పడే ఓపిక లేక పంపేశాను. ఈ వయసులో కూడా నా రోగాన్ని నాకు వదలరు.

అప్పుడు మేము సీతాఫల్‌మండిలో ఉండేవాళ్లం. నాన్న లేడు, ఆయన అన్న, మా పెద్దబాపే ఇంటికి పెద్దదిక్కు. రజాకార్ల గొడవ ముదిరిన రోజుల్లో ఆయనే నన్నూ అమ్మనూ పక్కింటి చాచా దగ్గర ఉంచాడు. చాచా దూదేకుల సాయిబు, పరుపులు కుట్టేవాడు, ఇంట్లో మాటంతా తెలుగే. ఇండియా మిలిటరీ వచ్చేదాకా ఆ దూది మూటల వెనకే బతికాం. మమ్మల్ని ఎవరూ తాకలేదు. మిలిటరీ వచ్చాక భయం వాళ్లింటికి మారింది. అప్పుడు మా అమ్మ పోయి వాళ్ల గుమ్మంలో కూర్చునేది.

మరుసటి ఏడు నా వృషణంలో రాయిలాంటి గడ్డ లేచింది. నొప్పి లేదు, బరువే. దవాఖానలో డాక్టరు నన్ను అడిగాడు, ఎన్నాళ్లయిందని. మా ఇళ్లలో రోగిని అడిగితే పెద్దవాళ్లు జవాబు చెబుతారు. "రజాకారోడు బూటుతోని తన్నిండు సార్" అన్నాడు పెద్దబాపు. అప్పటికే ఆయన గాంధీ టోపీ పెట్టి మీటింగులకు తిరుగుతున్నాడు. పెళ్లికాని పిల్లవాడికి ఆ చోట రోగమంటే పరువు పోతుంది, దెబ్బంటే పరువు వస్తుంది. దెబ్బకు రక్తం గడ్డకట్టిందనుకుని డాక్టర్లు ఆ వృషణం తీసేశారు. తీసినదాన్ని పరీక్షకు పంపలేదు. ఇదెక్కడి వైద్యమని ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

తర్వాత దగ్గు, దగ్గులో నెత్తురు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద గుండ్రటి నీడ. క్షయ అన్నారు, వార్డులో వేశారు. సూదుల మీద సూదులు పొడిచినా నీడ పెరుగుతూనే ఉంది. నాకు విసుగొచ్చి, బతకడం మీద ఆలోచన కూడా మానేశాను.

ఆ మధ్యనే ఛాతీ కోసే డాక్టరు ఒకాయన మద్రాసు వైపు నుంచి వచ్చాడు. ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పెట్టి చూశాడు. "క్షయ ఇంత నున్నగా, గుండ్రంగా ఉండదే. ఇంతకుముందు ఆపరేషన్ ఏమైనా అయిందా?" అని నన్నే అడిగాడు.

పెద్దబాపు అందుకున్నాడు, మళ్లీ అదే బూటు, అదే తన్ను.

నాకు రొట్టె తెచ్చి మంచం పక్కన నిలబడిన చాచా నెమ్మదిగా అన్నాడు: "గా దినాలల్ల పోరడు మా ఇంట్లనే ఉండె గద అన్నా. ఎవడు తన్నిండు?"

"నువ్వు నోర్ముయ్యి! మీవోళ్లను ఎనకేసుకొస్తున్నవా?"

"నన్నేమన్న అనుకో అన్నా. డాక్టర్ సాబ్‌కు సుత అబద్ధం జెప్తే పోరని గతేంగావాలె?"

వార్డంతా తలలు తిప్పింది. ఆ రోజుల్లో ఆయన జాతివాడు ఆ మాట పదిమందిలో అనడం మామూలు సంగతి కాదు.

"మీరిద్దరూ ఆగండి. అబ్బాయీ, నువ్వు చెప్పు" అన్నాడు డాక్టరు.

"ఎవరూ కొట్టలేదు సార్. దానంతటదే లేచింది." అంతే చెప్పగలిగాను, దగ్గు వచ్చేసింది.

డాక్టరు నా మంచం మీద కూర్చున్నాడు. "అయితే ఇది క్షయ కాదు. కింద పుట్టిన గడ్డే పైకి పాకింది. పక్కటెముకల మధ్య కోసి తీస్తాను. ఒక్కటే ఉంటే నీ అదృష్టం. లోపల ఇంకా ఉంటే మాత్రం తెరిచింది మూసెయ్యడమే."

పెద్దబాపు కూలబడ్డాడు. "దెబ్బ గాదంటే నేను నలుగుట్ల ఏం మొకం వెట్టుకోవాలె?"

"మొకం సంగతి ఎనక జూద్దాం, ముందు పోరని పానం జూడు" అన్నాడు చాచా.

ఆపరేషన్ అయి తెలివి వచ్చేసరికి నా డొక్కలోంచి రబ్బరు గొట్టం వేలాడుతోంది. ఊపిరి పీలిస్తే ఎముకలు విరిగినట్టుంది. డాక్టరు వంగి, "ఒక్కటే" అన్నాడు. ఆ మాట అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. క్యాన్సర్ అన్న ఆ రోగం పేరు ఎన్నో ఏళ్లకు, పాత పుస్తకాల అంగట్లో కొన్న వైద్య గ్రంథంలో నాకు నేనే వెతుక్కున్నాను.

పెద్దబాపు మీటింగుల్లో బూటు కథ మానలేదు, దానికి కత్తిపోటు కూడా కలిపాడు. వార్డులో అన్న ఆ మాటకు చాచా రజాకార్ల మనిషని పేరు పడింది. పరుపులు కుట్టించుకునేవాళ్లు తగ్గిపోయి ఆయన అల్వాల్‌కు మారాడు. నేను పోయినప్పుడల్లా చొక్కా ఎత్తమనేవాడు. దూది పట్టిన వేళ్లతో ఆ మచ్చ పొడుగునా తడిమి, "కుట్టు మంచిగనే ఏసిండు బేటా" అని నవ్వేవాడు.

ఆయన పోయాక ఈ మచ్చను అట్లా చూసినవాళ్లు లేరు. అందరూ కత్తి ఎవరిదని అడిగేవాళ్లే.