సారు మంచం మీద అమ్మ దోమతెర

మా సారు పోయారు. ఆ మాట చెప్పడానికి అమ్మ ఎండలో నడుచుకుంటూ, నేను కాపలా కాసే అద్దాల బిల్డింగు గేటు దాకా వచ్చింది. "సారు పోయిండంట రా. కొండాపూర్ల, కిరాయి అర్రల, ఒక్కడే," అంది. రెండేళ్లుగా ఆయన ఊసెత్తని మనిషి, చెప్పి గేటు పక్కనే మట్టిలో కూలబడింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. సారుది గోదావరి వైపు. అక్కడి లంకల్లో చేపలు పట్టేవాళ్లకు, చేప తరిగిపోకుండా ఎలా పట్టాలో నేర్పుతూ సర్వీసంతా గడిపారు. రిటైరై కొండాపూర్‌లో గది తీసుకున్నాక, ఊరికే కూర్చోలేక, ఆ పక్కనే మేం చేపలు పట్టుకుని బతికే చెరువు మీద పడ్డారు. చెరువు మధ్యలో మేం వలలు ఆరేసుకునే దిబ్బ ఒకటుంది. "మీదీ లంకేనండీ," అని మురిసిపోయేవారు. మా మేకలకు తప్ప అందరికీ అండీ తగిలించేవారు.

అమ్మ పాత దోమతెరలు రెండు నల్లదారంతో కలిపి వలలా కుట్టి, వేలెడు పిల్లచేపల్ని కూడా ఊడ్చేసేది. సారు తిట్టలేదు. మా పెద్ద వల కంట్లోంచి రెండు వేళ్లు దూర్చి చూపించి, "ఇలా దూరని వల మనకొద్దమ్మా," అన్నారు.

"మరి దీన్నేం జెయ్యాలె?"

"నాకివ్వండి. గదిలో దోమలు చంపేస్తున్నాయి."

నిజంగానే తీసుకెళ్లి మంచానికి కట్టుకున్నారు. నీచు వాసనని ఇంటి ఓనరు గొడవపడ్డాడట.

తొలివానలకు చేప గుడ్లతో ఉంటుంది, రెండు నెలలు వల తడపొద్దన్నారు. మేం ఎన్నడూ అలా ఆగినవాళ్లం కాదు. వాననీటికి ఎదురెక్కే చేపే మాకు పండగ. "కడుపుతో ఉన్నదాన్ని వదలండి, రేపు చెరువంతా దాని పిల్లలే," అని ఇంటింటికీ తిరిగారు. ఆయన మొహం చూసి ఆగాం. అమ్మ కొత్త బిల్డింగుల దగ్గర ఇటుకలు మోసింది. పని దొరకని రోజు చెరువులో చేప ఎగిరిన చప్పుడు వింటూ గంజి తాగాం.

నెల తిరక్కముందే ఓ పెద్దవానకు పైనుంచి కాలవలో ఎర్రటి కెమికల్ నీళ్లు దిగాయి. ఎవరు వదిలారో ఈ రోజుకీ తేలలేదు. తెల్లారేసరికి చెరువంతా తెల్లటి పొట్టలే. సారు మోకాటి లోతు నీళ్లలో నిలబడి, ఒకదాన్ని చేతిలోకి తీసుకుని పొట్ట నిమిరారు. "ఇంకో వారంలో గుడ్లు పెట్టేసేదండీ," అన్నారు. తనలో తాను అనుకున్న మాటే గానీ, అమ్మకు ఒళ్లు మండిపోయింది.

"నీ మాట ఇని కడుపు మాడ్చుకున్నం సారూ. పట్టుకుంటే తినేటోళ్లం గదా!"

నేను ఇంకా తెగించాను. "ఇగ మా చెరువు దిక్కు రాకు," అని భుజం పట్టి నెట్టాను. ఆయన పడబోయి నిలదొక్కుకున్నారు.

"తప్పు నాదేనండీ. చేపను కాచాను గానీ నీళ్లను చూసుకోలేదు."

సాయంత్రం దాకా మాతో కలిసి చచ్చిన చేపల్ని పూడ్చారు.

చెరువులో చేప లేకుండా పోయాక నేను ఈ గేటుకొచ్చాను. ఓసారి సారు సీసా పట్టుకుని ఇటు పోతూ ఆగారు. వారం వారం చెరువు నీళ్లు పట్టి ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారట. "ఇంకా వాసనేనండీ. అమ్మగారు బాగున్నారా?" అన్నారు. లోపలికొచ్చే కారుకు సెల్యూట్ కొట్టే నెపంతో మొహం తిప్పుకున్నాను. నీళ్లు వదిలినవాడు నాకెన్నడూ కనబడలేదు, కనబడ్డ సారు మీదే కోపమంతా తీర్చుకున్నాను. క్షమించమని అడగాల్సింది. అడగలేదు.

మట్టిలోంచి అమ్మను లేపి, ఇద్దరం సారు గదికి వెళ్లాం. మంచం మీద సారు, పైన అదే దోమతెర, అవే నల్లదారం కుట్లు. తలవైపు జానెడు చిరిగి ఉంది. అమ్మ ఓనరు భార్యనడిగి సూదీ దారం తెచ్చుకుని మంచం పక్కన కూర్చుంది.

"ఇప్పుడెందుకే అమ్మా?"

"చినిగిందని ఒక్క మాట చెప్పకపాయె. దోమలెంత కుట్టినయో ఏమో."

మోసుకెళ్లేవాళ్లు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అమ్మ చివరి కుట్టు వేసి, దారాన్ని పంటితో కొరికింది. ఆ తర్వాతే తెర పైకెత్తింది.