తిథి లేని నాన్న

శుక్రవారం సాయంత్రం అయిదూ ఇరవైకి నాన్న నరసన్నపేటలో బస్సెక్కాడు. నాకప్పుడు ఏడేళ్ళు. ఇవాళ్టికీ హైవే మీద డీజిల్ పొగ తగిలితే ఆ సాయంత్రమే గుర్తొస్తుంది.

నాన్న వడ్రంగి. పని కోసం నేపాల్ వెళ్తున్నాడు. ఈ బస్సు దిగి రైలెక్కి, రైలు దిగాక ఇంకో బస్సులో సరిహద్దు దాటాలట. నాకు తెలిసిన సరిహద్దు ఇచ్ఛాపురం ఒక్కటే. అది దాటితే ఒడిశాలో మా అత్త ఇల్లు. పొద్దున్న వెళ్ళి చీకటి పడకముందే వచ్చేసేవాళ్ళం. అందుకే నేను ఏడవలేదు.

"రేపు రాత్రికి అన్నం ఉంచీమంటావేటి నాన్నా?" అన్నాను.

"ఒసే, అత్తింటికెల్తన్నాడనుకుంటన్నావేటే?" అని నాయనమ్మ నవ్వింది.

నాన్న నవ్వలేదు. "ఉంచండమ్మా, ఒచ్చీస్తాను" అన్నాడు.

మర్నాడు రాత్రి అమ్మ కంచంలో అన్నం పెట్టి మూత వేసింది. ఆ ఏడాదంతా అలాగే పెట్టింది. అమ్మ కూడా నాలాగే అనుకుంటోందని సంతోషించాను.

నాన్నతో పాటు పనికి వెళ్ళిన మా ఊరాయన ఒక్కడే తిరిగొచ్చాడు. సరిహద్దు దాటి బస్సు దిగాక చెరో పనికి పోయామని, ఆ తరవాత నాన్నని చూడలేదని చెప్పాడు. ఇంక ఏ కబురూ రాలేదు.

మాకు పోయినవి ఇవి: నాన్న, ఆయన ఉలుల సంచి, తద్దినం పెట్టుకోవడానికి ఒక తిథి.