కంప్యూటరుకు ఉద్వాసన

వెంకట్రాం సారుకు కొలవనిదేదీ నమ్మబుద్ధి కాదు. హన్మకొండలో బీఎస్సీ చదివి నర్సింహులపేట బడికి పంతులుగా వచ్చిన మనిషి. బిడ్డ మనోరమ పాలు తాగే వయసులో, పాలు వేడిగా ఉన్నాయేమోనని గ్లాసులో థర్మామీటరు ముంచేవాడు. అంగడి రోజున కిరాణం ఈశ్వరయ్య తక్కెడలో పిల్లను కూర్చోబెట్టి, అవతలి పళ్లెంలో రాళ్లు వేయించేవాడు.

"సారూ, పిల్ల పెరగలే, తరగలే. జర గిరాకీ నడువనియ్యి" అని ఈశ్వరయ్య దండం పెట్టేవాడు.

మనోరమ మూడో తరగతికి వచ్చింది. బళ్లో కూడా తండ్రే పంతులు. ఆరూ మూడూ ఎంతంటే ఆ పిల్ల వేళ్లు చూసుకునేది, పైకప్పు చూసేది, మళ్లీ వేళ్లు చూసుకునేది. జవాబు వచ్చేసరికి పక్క పిల్లలు పలకలు కూడా తుడిచేసేవాళ్లు. పిల్లది నిదానమా, లేక లెక్క అసలు తలకెక్కదా? సారుకు అదే రంధి. తానే మార్కులు వేస్తే ప్రేమతో ఎక్కువ వేసినట్టో, భయంతో తక్కువ వేసినట్టో తనకే తెలియదు.

సరిగ్గా అప్పుడే, దసరా సెలవుల ముందు, పై ఆఫీసు జీపులో బడికి కంప్యూటరు దిగింది. చిన్నపిల్లలకు లెక్కల పరీక్ష అదే పెడుతుందట, తప్పొప్పులూ అదే చెబుతుందట. సారు ముఖం వెలిగిపోయింది. దానికి బిడ్డ లేదు, మొహమాటం లేదు. బడి ముందు నిలబడి అందరూ వినేటట్టు ఒట్టు పెట్టుకున్నాడు. ఈ పరీక్షలో మనోరమ తప్పితే మళ్లీ రెండో తరగతిలో కూర్చోబెడతానన్నాడు.

"ఏందయ్యా, కన్నబిడ్డ ఎసొంటిదో టీవీ డబ్బా జెప్తెనే నీకు ఎరుకైతదా?" అంది భార్య అనసూయ.

"గది టీవీ కాదు. అబద్ధం ఆడదు" అన్నాడు సారు.

బడి కప్పు కురుస్తుంది, పైగా ఎలుకలు. అందుకని సెలవులు అయిపోయేదాకా యంత్రాన్ని ఈశ్వరయ్య గోదాములో పెట్టించారు. ఊళ్లో స్లాబు ఉన్నది దానికొక్కదానికే.

పండుగ వచ్చింది. ఈశ్వరయ్య ఏటా చేసినట్టే తక్కెడకు, రాళ్లకు, గల్లాపెట్టెకు, సైకిలుకు పూజ చేశాడు. ఇంటికొచ్చిన యంత్రాన్ని వదిలేస్తాడా? టీవీలాంటి దాని తెరకు బంతిపూల దండ వేశాడు. మీటల పలక దగ్గర ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ కూర్చుని, పసుపు చిక్కగా తడిపి, ఒక్కో మీటకూ పసుపు రాసి పైన కుంకుమ బొట్టు పెట్టింది. ఒకదానికి పెట్టి ఒకదానికి పెట్టకపోతే బాగుండదని ఆమె ఆలోచన.

సెలవులు అయ్యాక యంత్రాన్ని బడికి చేర్చారు. పరీక్ష రోజున, దాన్ని నడపడం నేర్చుకున్న హన్మంత్ అనే కుర్రవాడు బస్సు దిగి వచ్చాడు. మూత తీసి నోరు తెరిచాడు. మీటల మీద ఒక్క అంకె కనబడటం లేదు. జేబురుమాలు తీశాడో లేదో, బడి ఊడ్చే బుచ్చవ్వ కేక పెట్టింది.

"ఓ పిలగా! చేతులార బొట్టు తుడుస్తరా? నీ ఇంట్ల ఆడోళ్లు లేరా?"

హన్మంత్ రుమాలు జేబులో పెట్టేసుకున్నాడు. "నాకు మొన్ననే పెండ్లయింది సార్. బొట్టు తుడిస్తే పోయేది మొగోడే కద. మీరే తుడువండి."

వెంకట్రాం సారు చదివింది భౌతికశాస్త్రం. ఒక మీటకూ ఒక మనిషి ఆయుష్షుకూ ఏ సంబంధమూ లేదని ఆయనకు తెలుసు. చేయి చాపాడు. గుంపులో నిలబడ్డ అనసూయ నొసట బొట్టు కనబడింది. చేయి వెనక్కి తీసుకున్నాడు.

"అంకెలు వరుసగనే ఉంటయి. ఎడమ నుంచి లెక్కవెట్టుకొని ఒత్తుమనండి" అన్నాడు హన్మంత్.

ముందుగా మనోరమనే కూర్చోబెట్టారు. తెర మీద ఆరూ మూడూ ఎంత అని వచ్చింది. పిల్ల వేళ్లు చూసుకుంది, ఎడమ నుంచి మీటలు లెక్కపెట్టి ఒకటి నొక్కింది. ఎండిన పసుపులో ఇరుక్కున్న మీట పైకి లేవలేదు. తెర నిండా తొమ్మిదులు పరుగెత్తాయి. వెంటనే చుక్కలతో గీసిన ఏడుపు ముఖం వచ్చింది. ఆ తర్వాత ప్రతి లెక్కకూ అంతే. చివరికి సున్నా.

సారు తెర మీది సున్నాను వంగి మళ్లీ చూశాడు.

"బాపూ, నేను తొమ్మిదే ఒత్తిన" అంది మనోరమ.

"నువ్వు కూసో సారూ, సూద్దాం" అంది అనసూయ గుంపులోంచి.

సారు కూర్చున్నాడు. రెండూ రెండూ ఎంతని అడిగింది యంత్రం. మీట మెల్లగా, కోడిగుడ్డును తాకినట్టు తాకాడు. తెర నిండా నాలుగులు, ఆ వెనక ఏడుపు ముఖం. ఆయనకూ సున్నానే.

"సారు గూడ రెండో తరగతికేనా?" అన్నారెవరో. గుంపు గొల్లుమంది.

నవ్వని వాడు ఈశ్వరయ్య ఒక్కడే. "పూజ జేసినంక ఉద్వాసన చెప్పాలె. అది మరిసిన. అమ్మవారు ఇంక అండ్లనే ఉన్నది. లెక్కలెట్ల జేస్తది? ఉద్వాసన అయినంక బొట్టు పోతె పాపం లేదు" అని కలశం తెప్పించాడు. ఈ ఉపాయం అందరికీ నచ్చింది. హన్మంతుకు అయితే ప్రాణం లేచి వచ్చింది. ఈశ్వరయ్య కర్పూరం వెలిగించి, కళ్లు మూసుకుని, మామిడాకుతో నీళ్లు చల్లాడు.

"నీళ్లు! నీళ్లు!" అని హన్మంత్ అరిచేసరికే లోపల టప్పుమన్నది. తెర మీద ఒక తెల్లచుక్క మిగిలింది. అదీ పోయింది.

"పోయింది తల్లి" అని బుచ్చవ్వ దండం పెట్టింది.

జనం చెదిరిపోయారు. హన్మంత్ మెట్ల మీద కూర్చుని, పై ఆఫీసుకు ఏమని చెప్పాలో తెలియక బంతిపూల రేకులు పీకుతున్నాడు. ఒట్టు అలాగే ఉంది, చెప్పాల్సిన యంత్రమే లేదు. మనోరమ సంచి సర్దుకుని వచ్చింది.

"రెండుల కూసోవాల్నా బాపూ?"

సారు పిల్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. చుట్టూ చూశాడు, తన బదులు అడిగేవాళ్లు ఎవరూ లేరు.

"ఏడూ ఆరూ ఎంత బిడ్డా?"

మనోరమ వేళ్లు చూసుకుంది, పైకప్పు చూసింది. పది వేళ్లూ అయిపోయాయి. చెప్పులు విడిచి కాలివేళ్ల మీదికి దిగింది. సారు జవాబు అందించబోయి, పెదవి కరుచుకుని ఆగాడు. ఇంతసేపు ఆయన ఎప్పుడూ ఆగలేదు.

"పదమూడు."

"ఇంకోటి అడుగుత."

"వద్దు బాపూ, వేళ్లు నొస్తున్నయి."

సారు లేచి ఆ పిల్ల సంచి అందుకున్నాడు. తీసుకెళ్లి మూడో తరగతి గదిలో, ఆమె రోజూ కూర్చునే చోటే పెట్టాడు.