లోపల వదిలిన గుడ్డ

మా వదిన దర్జీ. ఆమె కుట్టిన బట్ట ఏదైనా తిరగేసి చూడండి, పక్క కుట్ల లోపల వేలెడు గుడ్డ మడిచి ఉంటుంది. మనిషి ఒళ్లు చేస్తే కుట్టు విప్పి వదులు చేసుకోవడానికి. "రేపనేది ఒకటుందిగా" అంటుంది. నోరు మాత్రం అంత వదులు కాదు. నేను కాస్త లావెక్కితే టేపు తియ్యకుండానే నలుగురిలో చెప్పేస్తుంది.

వాళ్ళమ్మ, పెద్దక్క ఇద్దరూ రొమ్ము క్యాన్సర్‌తోనే పోయారు. ఆ జబ్బు తెచ్చే జన్యులోపం వదినకూ ఉందని ఈమధ్య రక్తపరీక్షలో తేలింది. జబ్బు రాలేదు, వచ్చే అవకాశం ఎక్కువ. డాక్టరుగారు ఆస్పత్రిలోనే ఉన్న కౌన్సెలర్ దగ్గరికి పంపారు. తోడు నేను వెళ్ళాను.

"మీ అమ్మాయికి ఎప్పుడు చెబుదామనుకుంటున్నారు?" అని ఆవిడ మెత్తగా అడిగింది.

వదిన భగ్గుమంది. "నవ్వుతూ తిరిగే పిల్ల నెత్తిన బండ వెయ్యమంటారా?" అని అరిచి, లేచి వచ్చేసింది.

నేనూ ఊరుకోలేదు. "ఆవిడ మీద ఎగిరితే నీ రక్తం మారిపోతుందా వదినా?" అన్నాను.

చలికాలం మొదట్లో వదిన తనకో కోటు కుట్టుకుంది. గుండీలు కుట్టమని కూతురికిచ్చింది. ఆ పిల్ల అలవాటుగా కోటు తిరగేసి, ఆగిపోయింది.

"అమ్మా, లోపల గుడ్డ వదల్లేదేంటి?"

"మర్చిపోయానే."

"నువ్వా?" పిల్ల మొహం పాలిపోయింది. "అమ్మమ్మకొచ్చిందే నీకూ వచ్చిందా?"

మిషను ఆగింది. ఇంత దాచినా పిల్ల ఆ భయాన్ని ఒంటరిగా మోస్తూనే ఉందన్నమాట.

"రాలేదు," అంది వదిన. "రావచ్చంట. అందుకే, నాకింకెందుకులే అనిపించి వదల్లేదు."

"మరి నాకు?"

"ఏమోనమ్మా. సరిగ్గా చెప్పడం నాకు చేతకాదు. ఆస్పత్రిలో ఒకావిడ ఉంది, ఆవిడ మీద అరిచొచ్చాను. ఇద్దరం వెళ్దామా?"

"ముందు సారీ చెబుతావా?"

"చెప్తాలేవే."

పిల్ల కళ్ళు తుడుచుకుని, కత్తెర అందుకుని కోటు పక్క కుట్లు విప్పడం మొదలుపెట్టింది.

"లోపల గుడ్డే లేదు, విప్పి ఏం చేస్తావే?" అన్నాను.

"అతుకేస్తానత్తా."

వదిన బల్ల కింది సంచిలో అదే రంగు ముక్క వెతికింది. టేపు తీసి కొలవబోయి, కొలవకుండానే మొత్తం కూతురి చేతిలో పెట్టింది.

"పెద్దదే వెయ్యి," అంది.